స్టర్జన్ శిలాజాలు: ఈ చేపల పుట్టిల్లు నదా, సముద్రమా?

షికాగో_చలి

అందరికీ నమస్కారం. ఇక్కడి ఫీల్డ్ మ్యూజియంలో గ్రీన్ రివర్ రాళ్ల చేపల్ని చూసినప్పటి నుంచి వాటి గురించే చదువుతున్నాను. వయొమింగ్‌లో 5.2 కోట్ల ఏళ్ల కిందటి మంచినీటి సరస్సు అడుగున పేరుకున్న రాళ్లవి. నైటియా అనే చిన్న చేపలు లెక్కలేనన్ని దొరుకుతాయి. గార్లు, బోఫిన్లతో పాటు క్రాసోఫోలిస్ అనే ప్యాడిల్‌ఫిష్ (తెడ్డులాంటి ముక్కున్న చేప) కూడా ఉంది. దాని కడుపులో నైటియాలు కనిపించాయట. ఇప్పటి అమెరికా ప్యాడిల్‌ఫిష్ నోరు తెరుచుకుని ఈదుతూ నీళ్లలోని సన్న జీవుల్ని వడకట్టుకుని తింటుంది. దాని పాత చుట్టం మాత్రం చేపల్ని వేటాడింది.

నా సందేహం వేరే ఉంది. చువ్వల రెక్కలుండే చేపల్లో బాగా పాత శాఖలు ఏవని చూస్తే ఆఫ్రికా బిచిర్, స్టర్జన్ (కేవియర్ అని అమ్మే గుడ్లు దీనివే), ప్యాడిల్‌ఫిష్, గార్, బోఫిన్ అని చెబుతారు. అన్నీ దాదాపుగా నదుల్లో, సరస్సుల్లోనే బతుకుతున్నాయి. స్టర్జన్లలో కొన్ని సముద్రంలోకి వెళ్లినా గుడ్లు పెట్టడానికి నదిలోకి రావాల్సిందే. మరి చేపలు మంచినీళ్లలోనే పుట్టి, తర్వాత సముద్రానికి వెళ్లాయా? శిలాజాలు ఏం చెబుతున్నాయి?

పరీక్షల_బాట

మంచి ప్రశ్న అన్నా. నాకూ పనికొస్తుంది. మా నోట్సులో "స్టర్జన్ సజీవ శిలాజం, అస్థిపంజరం మృదులాస్థితో ఉంటుంది కాబట్టి సొరచేపల్లాగా ప్రాచీన లక్షణం" అని ఉంది. డైనోసార్ల కాలం నుంచి మారలేదని కూడా రాశారు. అలాగే రాసేయొచ్చా?

శిలాజరేఖ

తమ్ముడూ, ఆ వాక్యం అలాగే రాయకు. మృదులాస్థి సంగతి అందులో తలకిందులుగా ఉంది.

స్టర్జన్‌ని చేతిలోకి తీసుకుని చూస్తే సొరచేప చుట్టమే అనిపిస్తుంది. తోక పైభాగం పొడుగ్గా, కిందిభాగం పొట్టిగా ఉంటుంది. నోరు ముక్కు కింద ఉంటుంది. లోపల చాలావరకు మృదులాస్థే. కానీ దీని పూర్వీకులు మంచి ఎముక ఉన్న చేపలు. స్కాట్లాండ్‌లో ఆకనారస్ రాతి గనిలో కైరోలెపిస్ దొరుకుతుంది. సుమారు 39 కోట్ల ఏళ్ల నాటిది, చువ్వల రెక్కల చేపల్లో మనకు బాగా తెలిసిన తొలి వాటిలో ఒకటి. 1835లో లూయీ అగాసీ దానికి పేరు పెట్టాడు. ఒంటినిండా సన్నటి పొలుసులు, తలమీద గట్టి ఎముక పలకలు, దవడలనిండా పళ్లు. స్టర్జన్ దగ్గరికి వచ్చేసరికి ఆ ఎముక చాలావరకు పోయింది, పళ్లు పోయాయి. అంటే మృదులాస్థి తాతల నాటి ఆస్తి కాదు, మధ్యలో వచ్చిన మార్పు. పైకి సొరలా కనిపించే వాటిలో ఆ తోక ఒక్కటే నిజంగా పాతది. కైరోలెపిస్‌కి కూడా అలాంటి తోకే ఉంది.

ఇక స్టర్జన్ వంశంలో ముందుగా చెప్పుకోవాల్సింది కాండ్రోస్టియస్. ఇంగ్లండ్ దక్షిణ తీరంలో లైమ్ రీజిస్ కొండల్లో దొరికింది. వయసు 19 నుంచి 20 కోట్ల ఏళ్లు. దీని దవడల్ని చూడాలి. పై దవడలో కుడి ఎడమ భాగాలు మధ్యలో ఒకదాన్నొకటి కలుసుకుంటాయి గానీ పుర్రెకు అతుక్కోవు. అందుకే స్టర్జన్ నోటిని గొట్టంలా ముందుకు చాచి, అడుగున ఉన్న పురుగుల్ని, నత్తల్ని లోపలికి లాగేస్తుంది. ఆ ఏర్పాటు కాండ్రోస్టియస్‌లో అప్పటికే ఉంది. పళ్లు లేవు. కానీ ఇప్పటి స్టర్జన్ ఒంటిమీద ఐదు వరుసల్లో కనిపించే ఎముక బిళ్లలు దానికి లేవు! ఒళ్లు దాదాపు నున్నన. స్టర్జన్ అనగానే మన కళ్లముందుకొచ్చే ఆ కవచం తర్వాత వచ్చిందే.

కాబట్టి "మారలేదు" అనే మాట నాకు నచ్చదు. ఎముక తగ్గింది, దవడ విడివడింది, బిళ్లలు వచ్చాయి, తిండి మారింది. ఇన్ని మారాక ఇంకేం మిగిలిందని?

ఇంకో సంగతి. కాండ్రోస్టియస్ దొరికిన రాళ్లు సముద్రపువి. షికాగో గారి ప్రశ్నకు అక్కడే మెలిక పడుతుంది.

గోదారి_లంక

మేడమ్, ఒక్క సందేహమండి. మాది లంక ఊరు, చేపల వ్యాపారం. వరద ఎక్కువైతే నదిలో చేప అంతర్వేది దాటి సముద్రంలోకి కొట్టుకుపోతుంది. చచ్చి అక్కడే ఇసుకలో పడితే, కోట్ల ఏళ్ల తర్వాత దొరికిన వాళ్లు అది సముద్రపు చేపే అంటారు కదండి. అలాగే మా పులస. సముద్రంలో పెరిగి, ఎర్రనీరు రాగానే గోదారికి ఎదురీదుతుంది. దాని ముల్లు సముద్రం అడుగున దొరికితే సముద్రపు చేప, ధవళేశ్వరం దగ్గర దొరికితే నది చేప. రెండూ నిజమే గదండి. స్టర్జన్ కూడా అలాంటిదే అయినప్పుడు రాయిని చూసి ఎలా తేలుస్తారు?

శిలాజరేఖ

గోదారి గారూ, ఈ రంగంలో అసలు తగువు ఇదే. ఒక్క చేపను చూసి తేల్చరు.

మొదట చుట్టూ ఏమేం ఉన్నాయో చూస్తారు. లైమ్ రీజిస్‌లో కాండ్రోస్టియస్ పక్కన అమ్మొనైట్లు (చుట్ట గుల్లల జీవులు), ఇక్తియోసార్లు (చేపలాంటి సరీసృపాలు) ఉంటాయి. అవి ఉప్పునీటి జీవులే. తర్వాత ఒళ్లు ఎంత చెదిరిందో చూస్తారు. చచ్చి నదిలో దూరం కొట్టుకొచ్చిన చేప కుళ్లి ముక్కలవుతుంది. మృదులాస్థి చేపయితే మరీను. లైమ్ రీజిస్‌లో తల, తోక కలిసి ఉన్న నమూనాలు దొరికాయి. జర్మనీలో హోల్ట్స్‌మాడెన్ నల్లరాళ్లలో స్ట్రాంగిలోస్టియస్ అని దాని చుట్టం ఉంది, మనిషికన్నా పెద్దది. అవీ సముద్రపు రాళ్లే. రెండు దేశాల్లో, వేర్వేరు కాలాల్లో ఇలా దొరికితే అన్నీ వరదకు కొట్టుకొచ్చాయనడం కష్టం.

ఇంకో పద్ధతి రసాయనికంగా చూడడం. నదినీళ్లలో స్ట్రాన్షియం ఐసోటోపుల (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువుల) నిష్పత్తి ఆ నది ఏ రాళ్లమీదుగా వచ్చిందో దాన్నిబట్టి ఉంటుంది. సముద్రంలో ఒక కాలంలో అంతటా ఒకేలా ఉంటుంది. ఎముక పెరుగుతూ ఆ గుర్తును దాచుకుంటుంది. బతికున్న స్టర్జన్ల ముందు రెక్క చువ్వను కోసి, వయసు వలయాల వెంట కొలిచి, ఏ వయసులో సముద్రంలో ఉంది, ఏ వయసులో నదిలో ఉంది అని చెప్పగలుగుతున్నారు. శిలాజాల్లో ఇది అంత తేలిక కాదు. రాయిలో నుంచి కారిన నీళ్లు తర్వాత ఆ గుర్తును మార్చేస్తాయి. అందుకే నేను ఎప్పుడూ చుట్టూ ఉన్న జీవుల్నే ముందు చూస్తాను.

మీ పులస మాటను ఒకచోట మాత్రం ఒప్పుకోవాలి. కాండ్రోస్టియస్ సముద్రంలో బతికి, నదిలో గుడ్లు పెట్టిందేమో అంటే కాదని ఖండించడానికి రాళ్లలో ఏమీ లేదు. గుడ్లు, పిల్లలు ఎక్కడ పెరిగాయో తెలిపే శిలాజాలు లేవు.

నదీ సరస్సుల సాక్ష్యం చైనాలో గట్టిగా మొదలవుతుంది. లియావొనింగ్‌లో బెయిపియావ్ ఊరి పేరు మీద పెయిపియావోస్టియస్ అని స్టర్జన్ వంశపు చేప ఒకటి ఉంది, 1965లో వర్ణించారు. సుమారు 12.5 కోట్ల ఏళ్ల నాటిది. అగ్నిపర్వత బూడిద పడిన సరస్సు అడుగు అది. ఈకల డైనోసార్లు దొరికిన రాళ్లే. అమ్మొనైట్ల జాడ లేదు, అచ్చంగా మంచినీరే. అక్కడే ప్రోటోసెఫూరస్ దొరికింది, ప్యాడిల్‌ఫిష్‌లలో మనకు తెలిసిన అన్నింటికంటే పాతది.

ఇప్పుడు దీన్ని జాగ్రత్తగా గమనించండి. ప్యాడిల్‌ఫిష్, స్టర్జన్ అక్కచెల్లెళ్లు. 12 కోట్ల ఏళ్లనాడు ప్యాడిల్‌ఫిష్ ఉందంటే స్టర్జన్ శాఖ కూడా అప్పటికే విడిపోయి ఉండాలి. కానీ కచ్చితంగా స్టర్జన్ కుటుంబానివే అనదగ్గ శిలాజాలు సుమారు 10 కోట్ల ఏళ్ల నుంచే దొరుకుతాయి. మధ్యలో రెండు కోట్ల ఏళ్లు అవి ఎక్కడో ఉన్నాయి, మనకు దొరకలేదు. నది రాళ్లలో ఇది మామూలే. నది తన ఒండ్రును తానే కోసుకుపోతుంది. సముద్రం అడుగు, పెద్ద సరస్సు అడుగు నిలిచినట్టు నది అడుగు నిలవదు.

జీవకణం

మూత్రపిండాల కథ ఎవరూ ఎత్తలేదేం? షికాగో గారు అడిగిన "చేపలు మంచినీళ్లలోనే పుట్టాయా" అన్న వాదన ఒకప్పుడు చాలా బలంగా ఉండేది, అది మూత్రపిండం మీదే నిలబడింది. నేను డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాను, ఇది నా ఇష్టమైన పాఠం.

మన రక్తంలో ఉప్పు సముద్రపు నీటిలో మూడో వంతుకు దగ్గరగా ఉంటుంది. ఎముక చేపల్లోనూ అంతే. మంచినీళ్లలో బతికే చేప ఒంట్లోకి నీరు ఆగకుండా వచ్చేస్తుంటుంది. దాన్ని బయటికి తోడెయ్యాలి. వెన్నెముక జీవుల మూత్రపిండంలో గ్లామెరులస్ అనే రక్తనాళాల ఉండ ఉంటుంది. ఒత్తిడితో నీటిని వడకట్టేది అదే. "ఇలాంటి పంపు నీళ్లు ఎక్కువైన చోటే అవసరం. కాబట్టి వెన్నెముక జీవులు మంచినీళ్లలో పుట్టాయి" అని 1930ల్లో హోమర్ స్మిత్ వాదించాడు. శిలాజ శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ రోమర్ కూడా మంచినీటి పక్షమే.

ఈ వాదన రెండు చోట్ల దెబ్బతింది. హ్యాగ్‌ఫిష్ అనే దవడల్లేని చేప ఎప్పుడూ సముద్రం వదలదు, దాని రక్తం సముద్రమంత ఉప్పగా ఉంటుంది, తోడెయ్యాల్సిన నీరే లేదు. అయినా దానికి గ్లామెరులస్ ఉంది. రెండో దెబ్బ శిలాజాలది. ఆస్ట్రేలియా అరండాస్పిస్, బొలీవియా సకబంబాస్పిస్, కొలరాడోలో హార్డింగ్ ఇసుకరాయిలోని ఆస్ట్రాస్పిస్, మూడూ 45 కోట్ల ఏళ్లకు పైబడిన దవడల్లేని చేపలు. మూడూ సముద్రం ఒడ్డున, లోతు తక్కువ నీళ్లలో ఉన్నవే. తొలి వెన్నెముక జీవుల శిలాజాలన్నీ కలిపి చూసిన పరిశోధన ఒకటి 2018లో సైన్స్ పత్రికలో వచ్చింది. అదీ తీరానికి దగ్గరి లోతులేని నీళ్లనే చూపించింది. కాబట్టి చేప అన్నదాని పుట్టిల్లు సముద్రపు ఒడ్డు. ఇందులో ఇప్పుడు పెద్ద తగువు లేదు.

మంచినీళ్లలోకి ఎక్కువగా వచ్చింది సైలూరియన్ చివర, డెవోనియన్ మొదట్లో, అంటే 42 కోట్ల ఏళ్ల నుంచి ఇటు. నేలమీద మొక్కలు పాకుతున్న కాలం. మొక్కల వేళ్లు గట్లను పట్టి ఉంచాయి, రాలిన మొక్కల తుక్కు నదికి తిండి అయింది. స్కాట్లాండ్‌లో శిలాజరేఖ గారు చెప్పిన గని అప్పట్లో ఆర్కేడీ అనే పెద్ద సరస్సు. కైరోలెపిస్‌తో పాటు ఊపిరితిత్తుల చేప డిప్టెరస్, కవచాల చేప కోకోస్టియస్ అక్కడ కలిసి దొరుకుతాయి. మంచినీటి చేపల లోకం అంటే నాకు మొదట గుర్తొచ్చేది ఆ సరస్సే.

షికాగో_చలి

చేపల మొదలు సముద్రం, సరే. చువ్వల రెక్కల చేపల సంగతో? వాటి పాత శాఖలన్నీ మంచినీళ్లలోనే ఎందుకు మిగిలాయి?

జీవకణం

ఇక్కడ నేనూ శిలాజరేఖ గారూ ఒకే మాట మీద ఉండమేమో.

భూమ్మీద ఉన్న మొత్తం నీటిలో నదులు, సరస్సులు 0.01 శాతం. చేప జాతుల్లో దాదాపు సగం ఆ కొంచెం నీళ్లలో ఉన్నాయి. 2012లో వేగా, వీన్స్ అనే ఇద్దరు బతికున్న చేపల వంశవృక్షం గీసి లెక్కగట్టారు. ఇప్పుడు సముద్రంలో ఉన్న చువ్వల రెక్కల చేపలన్నీ మంచినీటి పూర్వీకుల నుంచే వచ్చాయన్నారు. బిచిర్, స్టర్జన్, గార్, బోఫిన్ అన్నీ మంచినీళ్లలో ఉంటే వృక్షం మొదలు కూడా మంచినీళ్లలోనే పడుతుంది. నాకిది సబబుగానే ఉంది. పాత సముద్రపు శాఖలు నశించిపోయి ఉండొచ్చు, నదుల్లోంచి మళ్లీ వెళ్లి సముద్రాన్ని నింపి ఉండొచ్చు.

శిలాజరేఖ

నాకు సబబుగా లేదు, ఎందుకో చెబుతాను.

బతికున్న వాటితో మాత్రమే వృక్షం గీస్తే చచ్చిపోయిన వాటి ఓట్లు లెక్కలోకి రావు. కాండ్రోస్టియస్‌నీ స్ట్రాంగిలోస్టియస్‌నీ ఆ వృక్షంలో పెట్టండి, స్టర్జన్ శాఖ మొదలు వెంటనే ఉప్పునీటి వైపు జరుగుతుంది. బోఫిన్ ఇప్పుడు ఉత్తర అమెరికా మంచినీళ్లకే పరిమితం. కానీ దాని వంశంలో సముద్రపు చేపలు జురాసిక్ రాళ్లలో బోలెడన్ని. చివరికి మిగిలిన ఒకటి రెండు జాతుల ఇల్లు చూసి ముత్తాత ఇల్లు ఎలా తేలుస్తాం?

చార్లెస్ డార్విన్ దీని గురించి 1859లోనే రాశాడు. మంచినీటి నెలవులన్నీ కలిపినా సముద్రంతో పోలిస్తే చిన్నవి, అక్కడ పోటీ తక్కువ, అందుకే ఒకప్పుడు లోకమంతా ఉన్న గానాయిడ్ చేపల్లో (స్టర్జన్, గార్ లాంటి పాత శాఖల్ని అప్పట్లో అలా పిలిచేవారు) మిగిలిన ఏడు ప్రజాతులు మంచినీళ్లలోనే కనిపిస్తాయి అన్నాడు. సజీవ శిలాజం అన్న పేరు అక్కడి నుంచే వచ్చింది. పోటీ తక్కువన్న అతని కారణాన్ని నేను పూర్తిగా ఒప్పుకోను, ఇప్పుడు నదుల్లో ఎంత పోటీ ఉందో మనకు తెలుసు. కానీ చూసిన సంగతి మాత్రం సరైనదే. నా మట్టుకు మంచినీరు ఈ చేపలకు తలదాచుకున్న చోటు. పుట్టిన చోటని చెప్పడానికి శిలాజాలు ఒప్పుకోవు.

ఇంకో చిన్న సాక్ష్యం. 2023లో మొరాకో నుంచి ఒక స్టర్జన్ శిలాజం బయటపడింది. ఆఫ్రికాలో అదే మొదటిది. అది దొరికిన రాయి కూడా సముద్రపుదే, డైనోసార్ల ఆఖరి రోజులది.

జీవకణం

వాదన బాగుంది. కానీ సముద్రపు నమూనాలు ఎక్కువ దొరకడానికి కారణం సముద్రపు రాళ్లు ఎక్కువగా నిలవడం. మీరే పైన అన్నారు, నది అడుగు నిలవదని. అప్పుడు శిలాజాల ఓట్లూ ఒకవైపుకే ఎక్కువ పడతాయి కదా?

శిలాజరేఖ

పడతాయి. అందుకే "చువ్వల రెక్కల చేపలన్నింటి మొదలు సముద్రమే" అని నేను అనడం లేదు. స్టర్జన్ల శాఖ వరకు మాట్లాడుతున్నాను. సముద్రంలో ఉందనడానికి 19 కోట్ల ఏళ్ల నుంచి సాక్ష్యం ఉంది, మంచినీళ్లలో 12.5 కోట్ల ఏళ్ల నుంచి ఉంది. ఆ వరుస తిరగబడాలంటే పాత నది రాళ్లలో కొత్త శిలాజం దొరకాలి.

నిర్వాహకుడు

చర్చ చక్కగా సాగుతోంది. జన్యువుల గురించి ఎవరైనా రాస్తే ఇక్కడే రాయండి, విడిగా తెరవక్కర్లేదు.

మంచిర్యాల_బొగ్గు

మన దగ్గరి సంగతి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్న. బొగ్గు గనుల్లో జియాలజీ పని నాది.

మన దేశంలో స్టర్జన్లు లేవు. బతికినవీ లేవు, శిలాజాలూ లేవు. అవి ఉత్తరాది ఖండాల చేపలు. కాండ్రోస్టియస్ కాలంలో మన నేల గోండ్వానా అనే దక్షిణాది మహాఖండంలో ఉండె. కానీ ఆ రోజుల్లో మన మంచినీళ్లలో ఏ చేపలు తిరిగినయో ప్రాణహిత గోదావరి లోయ రాళ్లు చెప్తయి. మలేరి ఎర్రమట్టి రాళ్లు జురాసిక్‌కు ముందటి ట్రయాసిక్ కాలంవి. వాటిల్లో సెరాటోడస్ అనే ఊపిరితిత్తుల చేప పళ్లు దొరుకుతయి. పన్ను అంటే మనం అనుకునే పన్ను కాదు, గట్లు గట్లుగా విసనకర్ర తీరుగ విచ్చుకున్న పలక. నత్తగుల్లల్ని నలపడానికి. దాని చుట్టం ఇప్పుడు ఆస్ట్రేలియా క్వీన్స్‌లాండ్ నదుల్లో బతికి ఉంది.

దానిపైన కోట అనే ఊరి పేరు మీది సున్నపురాయి, జురాసిక్. అందులో లెపిడోటస్ డెక్కనెన్సిస్ అనే చేప దొరికింది. మెరిసే గానాయిడ్ పొలుసులు, రాయి కొడితే నల్లగా నిగనిగ. ఈ చేపకు 1851లో పేరు పెట్టింది ఇంగ్లండ్‌కు చెందిన ఫిలిప్ ఎగర్టన్. ఆయనే 1858లో మేడమ్ చెప్పిన లైమ్ రీజిస్ కాండ్రోస్టియస్ మీద పెద్ద వ్యాసం రాసిండు. మన గోదావరి చేప, వాళ్ల తొలి స్టర్జన్ వంశం చేప, రెండూ ఒకే మనిషి బల్లమీదికి పోయినయి! కోట రాళ్లలో సీలకాంత్ అనే కండ రెక్కల చేప కూడా దొరికింది, 1974లో ఇండోసీలకాంతస్ అని పేరు పెట్టిన్రు.

ఇదే కోట రాళ్ల కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన్రు. అందరూ దాన్నే చూసి వస్తరు. దాని కాళ్లకింద నీళ్లలో ఈదిన చేపల గురించి ఎవరూ అడగరు. నాకు దీని మీద బాధ ఉంది. కోట చేపల్ని కూడా అక్కడ ఒక అద్దాల పెట్టెలో పెట్టి, తెలుగులో నాలుగు మాటలు రాస్తే బడి పిల్లలు చూస్తరు కదా.

శిలాజరేఖ

ఎగర్టన్ సంగతి రాసినందుకు చాలా సంతోషం అన్నా. పారాడాపీడియం ఎగర్టోని అని కోట చేపకే ఆయన పేరు ఉంది, అదీ కలుపుకోండి.

జీవకణం

నిర్వాహకుడు గారు అడిగారు కాబట్టి జన్యువుల మాట. 2020లో స్టెర్లెట్ అనే చిన్న స్టర్జన్ జన్యుపటం మొత్తం వచ్చింది. సుమారు 18 కోట్ల ఏళ్ల కిందట దాని పూర్వీకుల జన్యువులన్నీ ఒకేసారి రెట్టింపయ్యాయని తేలింది. ఇన్ని కోట్ల ఏళ్లు గడిచినా ఆ అదనపు ప్రతుల్లో చాలా భాగం ఇంకా పోలేదు. ప్రొటీన్లు మారే వేగం కూడా చాలా తక్కువ.

ఈ నెమ్మదితనం ఎంత దూరం పోతుందో హంగరీలో బయటపడింది. అక్కడ రష్యా స్టర్జన్ గుడ్లను తండ్రి జన్యువులు లేకుండానే ఎదిగించే ప్రయోగంలో అమెరికా ప్యాడిల్‌ఫిష్ వీర్యం వాడారు. ఫలదీకరణ జరగదన్న ధీమాతోనే దాన్ని ఎంచుకున్నారు. జరిగింది, పిల్లలు పుట్టాయి, బతికాయి కూడా! 2020లో ప్రచురించారు. ఈ రెండు శాఖలూ 18 కోట్ల ఏళ్ల కిందట విడిపోయాయని అంచనా.

రేఖ గారూ, ఒళ్లు మారిందని మీరన్నారు, ఒప్పుకుంటాను. లోపలి ప్రొటీన్లు మాత్రం నిజంగా నెమ్మదిగా మారాయి. రెండూ కలిపి చెబితేనే పూర్తి నిజం.

శిలాజరేఖ

సరిగ్గా చెప్పారు. స్టర్జన్ల ఒంటి పరిమాణం మాత్రం చాలా వేగంగా మారిందని 2013లో ఒక పరిశోధన వచ్చింది. చెయ్యి పొడుగు జాతులూ ఉన్నాయి, ఆరేడు మీటర్ల బెలూగా కూడా ఉంది. ఒకే జీవిలో ఒకటి నెమ్మది, ఒకటి వేగం.

షికాగో_చలి

డైనోసార్లు పోయినప్పుడు ఇవెలా బతికాయి? ఉల్కాపాతం రోజు చచ్చిన స్టర్జన్లు దొరికాయని ఎక్కడో చదివాను, నిజమేనా?

శిలాజరేఖ

నిజమే. ఉత్తర డకోటాలో టానిస్ అనే చోట. నాకు శిలాజాల్లో ఇంతకన్నా దగ్గరగా ఒక రోజును చూపించేది ఇంకొకటి లేదు, కాస్త వివరంగా రాస్తాను.

6.6 కోట్ల ఏళ్ల కిందట మెక్సికోలో చిక్సులూబ్ దగ్గర ఉల్క పడింది. టానిస్ అక్కడికి దాదాపు 3,000 కిలోమీటర్ల దూరం. భూకంప తరంగాలు పది నిమిషాల ప్రాంతంలో చేరి ఉంటాయి. నదిలో నీళ్లు పది మీటర్ల ఎత్తున లేచి వెనక్కి తన్నాయి. స్టర్జన్లు, ప్యాడిల్‌ఫిష్‌లు, చెట్ల మొద్దులు కలిసి ఒకదానిమీద ఒకటి పడి బురదలో కూరుకుపోయాయి.

వాటి మొప్పల్ని చూడండి. ఉల్క దెబ్బకు కరిగి ఆకాశంలోకి ఎగిరిన రాయి చల్లబడి సన్నటి గాజు గుళికలుగా రాలింది. ఒక్కోటి మిల్లీమీటరు అటూ ఇటూ. ఆ గుళికలు చేపల మొప్పల దువ్వెనల్లో ఇరుక్కుని ఉన్నాయి. కడుపులో మాత్రం లేవు! నీళ్లతో పాటు నోట్లోకి వచ్చాయి, మొప్పల్లో చిక్కాయి, మింగేలోపే చేప చచ్చిపోయింది. గుళికలు రాలుతున్నప్పుడు అవి ఇంకా ఊపిరి తీస్తున్నాయన్నమాట.

2022లో నేచర్ పత్రికలో మెలనీ డ్యూరింగ్ బృందం ఇంకొక మెట్టు ముందుకెళ్లింది. మూడు స్టర్జన్ల ముందు రెక్క చువ్వలు, మూడు ప్యాడిల్‌ఫిష్‌ల దవడ ఎముకలు తీసుకున్నారు. చెట్టు కాండంలో లాగే ఎముకలో ఏటికో వలయం పడుతుంది. ఎండాకాలం బాగా తిన్నప్పుడు వెడల్పుగా, చలికాలంలో గీతలా. చివరి వలయంలో చలికాలపు గీత దాటి ఎదుగుదల అప్పుడే మొదలై ఆగిపోయింది. ఫ్రాన్స్‌లో గ్రెనోబుల్ సింక్రోట్రాన్ (చాలా బలమైన ఎక్స్‌రే యంత్రం) లో స్కాన్ చేశారు, కార్బన్ ఐసోటోపులూ చూశారు. అన్నీ ఒకే మాట చెప్పాయి: అది వసంతం. అదే ఏడాది అక్కడి స్టర్జన్లు రెండు కొత్త జాతులని తేల్చి పేర్లు పెట్టారు, మరుసటి ఏడు ప్యాడిల్‌ఫిష్‌లు కూడా రెండు కొత్తవని తేలాయి.

ఇక ఎలా బతికాయంటే, ఆ నదిలోవి చచ్చాయి గానీ వంశాలు రెండూ మిగిలాయి. ఎండ పోయి ఆకుపచ్చదనం ఆగినా నదుల్లో కుళ్లిన ఆకులు, వాటిని తినే పురుగులు చాలాకాలం ఉంటాయి. అడుగున పురుగుల్ని లాక్కుతినే చేపకు అది ఆసరా అని చాలామంది అభిప్రాయం. నాకూ ఇదే నమ్మదగ్గదిగా ఉంది.

గోదారి_లంక

ఇది చదివాక ఒళ్లు గగుర్పొడిచింది మేడమ్. అంతటి దాన్ని దాటుకొచ్చినవి ఇప్పుడు ఎలా ఉన్నాయండి?

శిలాజరేఖ

బాగా లేవండి. చైనా ప్యాడిల్‌ఫిష్‌ని చివరిసారి ప్రాణంతో చూసింది 2003లో. 2022లో అది అంతరించిందని అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ ప్రకటించింది. యాంగ్‌ట్సీ స్టర్జన్ సహజ నదిలో లేదు, చెరువుల్లో పెంచేవే మిగిలాయి. మిగిలిన 26 జాతులకూ ముప్పు ఉందని అదే ప్రకటనలో ఉంది. కేవియర్ కోసం పట్టేశారు. 1998 నుంచి అన్ని జాతుల వ్యాపారం మీదా సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందం నియంత్రణ ఉన్నా దొంగ వేట ఆగలేదు. ఆడ బెలూగా గుడ్లు పెట్టే వయసుకు రావడానికే 15 ఏళ్లు దాటుతుంది. ఒక్కదాన్ని ముందే పట్టేస్తే అన్నేళ్ల ఎదురుచూపు పోయినట్టే.

గోదారి_లంక

ఆనకట్టల సంగతి కూడా అంతేనండి. ఎదురీదే చేపకు గోడ అడ్డమొస్తే గుడ్లు ఎక్కడ పెడుతుంది? మా దగ్గర పులస ధవళేశ్వరం దాటి పైకి పోలేదు, మా పెద్దవాళ్లు చెప్పినంత సరుకు ఇప్పుడు రాదు.

శిలాజరేఖ

యాంగ్‌ట్సీ మీద గెజోబా ఆనకట్ట 1981లో నదికి అడ్డం పడింది. చైనా ప్యాడిల్‌ఫిష్ గుడ్లు పెట్టేది ఎగువన. గోడకు కిందివైపు చిక్కుకున్నవి మళ్లీ అక్కడికి వెళ్లలేదు. 12 కోట్ల ఏళ్ల వంశంలో ఒక కొమ్మ మన కళ్లముందే పోయింది. దీన్ని తలుచుకున్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది.

పరీక్షల_బాట

మేడమ్, సార్, ఇద్దరికీ థాంక్స్. జవాబులో ఇలా రాస్తున్నాను: స్టర్జన్లలో మృదులాస్థి తర్వాత వచ్చిన లక్షణం. పూర్వీకులు ఎముక చేపలు. తొలి బంధువులు సముద్రపు జురాసిక్ రాళ్లలో, మంచినీటి రూపాలు దాని తర్వాతి క్రెటేషియస్ కాలం నుంచి. ప్రొటీన్లు నెమ్మదిగా మారాయి, ఒళ్లు చాలా మారింది. సరిపోతుందా?

జీవకణం

సరిపోతుంది. ఐదు వరుసల బిళ్లలు, పుర్రెకు అతుక్కోని పై దవడ కూడా ఒక్క ముక్క రాయి. వీలైతే బొమ్మ వెయ్యి, మార్కులు పడతాయి.

మంచిర్యాల_బొగ్గు

ఆఖరుగా ఒక్కటి అడుగుత మేడమ్. వాగుల్లో సున్నపురాయి ముక్కలు చూసినప్పుడు పిల్లలు "ఇది చేప పొలుసా" అని ఫొటోలు పంపుతరు. గానాయిడ్ పొలుసును ఎట్ల గుర్తుపట్టమని చెప్పాలె?

శిలాజరేఖ

నాలుగు పలకల వజ్రం ఆకారం, పైన ఎనామెల్ లాంటి మెరుపు, అంచున చిన్న మేకు, ఎదుటి అంచున ఆ మేకు దూరే గుంట ఉంటే గానాయిడ్ పొలుసు. పక్కపక్కన వరుసగా కుదురుకుని ఉంటాయి. స్టర్జన్ బిళ్ల అయితే మెరుపు ఉండదు, మధ్యలో వెన్ను లేచి, ఉపరితలం గుంటలు గుంటలుగా గరుకుగా ఉంటుంది, కానీ అది మన దగ్గర దొరకదు. పిల్లల్ని రాయి పగలగొట్టొద్దని చెప్పండి. పక్కన ఒక నాణెం పెట్టి ఫొటో తీసి, చోటు రాసుకుని, బండ్లగూడలోని జియలాజికల్ సర్వే కార్యాలయానికి తెలియజేయమనండి. ఫొటోలు మీ దగ్గర ఉంటే ఇక్కడ కూడా పెట్టండి, చూసి చెబుతాను.